నల్లి ఏ దారిన వచ్చింది?

కంభం, మార్కాపురం, గిద్దలూరు వైపు అరవై దాటిన పెద్దవాళ్లను నల్లుల గురించి కదిపితే చాలు, చెప్పుకుంటూ పోతారు. నులక మంచాన్ని ఎండలోకి ఈడ్చి కట్టెతో బాదడం, రాలిన నల్లులను కాలితో రాయడం, మంచపు కోళ్ల సందుల్లో కాగే నీళ్లు పోయడం వాళ్ల చిన్నతనంలో మామూలు ఇంటిపనులు. నలిపినప్పుడు వచ్చే ఆ ఘాటు వాసన ఇప్పటికీ గుర్తే. తర్వాతి తరానికి ఆ బాధ పెద్దగా తెలియలేదు. మట్టి మిద్దెల చోట స్లాబు ఇళ్లు లేచాయి. నులక పోయి నవారు వచ్చింది, నవారు పోయి స్పాంజి పరుపు వచ్చింది. గోడల పగుళ్లు సిమెంటుతో, పుట్టీతో పూడిపోయాయి. నల్లి బాధ పడలేకే శివుడు కొండెక్కాడని చెప్పే చాటుపద్యం ఒక్కటి మిగిలింది.

ఇప్పుడు ఆ పురుగు మళ్లీ పరుపుల్లోకి చేరుతోంది. హాస్టల్లో చదివే పిల్లాడు సెలవులకు వచ్చి వెళ్లాకో, బెంగళూరులో పనిచేసే కొడుకు కుటుంబం పండక్కి వచ్చి వెళ్లాకో, కొన్ని వారాలకు ఇంట్లో ఒకరి మోచేతి మీద వరసగా నాలుగు దద్దుర్లు లేస్తాయి. దోమలనుకుని కాయిల్ వెలిగిస్తారు. ఎలర్జీ అనుకుని మందుల షాపులో మాత్ర తెచ్చుకుంటారు. దురద కదా అని వంకాయ మానేస్తారు. పరుపు మూల కుట్టు వేలితో విప్పి చూసినరోజు గాని అసలు సంగతి బయటపడదు. అప్పుడు ఇంటిల్లిపాదికీ రెండే ప్రశ్నలు. రోజూ తుడిచి కడిగే ఇంట్లోకి ఇది ఎలా వచ్చింది? డబ్బా మందు మొత్తం కొట్టినా ఎందుకు చావడం లేదు?

ఇవే ప్రశ్నలు ప్రపంచంలో చాలా పెద్ద నగరాలు కూడా వేసుకున్నాయి. 2010లో న్యూయార్కులో సినిమా హాళ్లు, దుకాణాలు నల్లుల వల్ల తాత్కాలికంగా మూతపడ్డాయి. 2023 సెప్టెంబరు, అక్టోబరుల్లో పారిస్ రైళ్లలో నల్లులు కనబడ్డాయని ఫ్రాన్స్ దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే ఏడాది జులైలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య భద్రతా సంస్థ ఒక లెక్క ప్రకటించింది: 2017 నుంచి 2022 దాకా ఫ్రాన్స్‌లో 100 ఇళ్లలో 11 ఇళ్లకు నల్లులు పట్టాయి. ఆ వెంటనే దక్షిణ కొరియాలో యూనివర్సిటీ హాస్టళ్లలో బయటపడ్డాయి. డబ్బున్న దేశాల్లో, రోజూ దుప్పట్లు మార్చే హోటళ్లలో కూడా ఇవి పెరుగుతున్నాయంటే మురికి మీద నింద వేసి ఊరుకోవడం కుదరదు.

ఒకే పరుపు, ఒకరికే దద్దుర్లు

మనిషి రక్తం మీద బతికే నల్లులు ముఖ్యంగా రెండు జాతులు. చల్లటి దేశాల్లో ఎక్కువగా ఉండేది సైమెక్స్ లెక్టులేరియస్. మన దక్షిణాది వంటి వేడి ప్రాంతాల్లో ఎక్కువగా ఉండేది దాని దాయాది సైమెక్స్ హెమిప్టెరస్. రెండింటికీ రెక్కలు లేవు. ఎగరలేవు, దూకలేవు, నడుస్తాయి అంతే. పగలంతా సందులో అణిగి ఉండి, మనం గాఢనిద్రలో ఉన్నప్పుడు బయటికి వస్తాయి. మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, చర్మం వాసన వాటికి దారి చూపిస్తాయి.

కుట్టే పద్ధతి చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. నల్లి నోటిలోని సన్నటి సూదిలో రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లోంచి లాలాజలం మన చర్మంలోకి దిగుతుంది, రెండోదాంట్లోంచి రక్తం పైకి వెళుతుంది. ఆ లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చూసే పదార్థాలు, రక్తనాళాన్ని వెడల్పు చేసే పదార్థాలు ఉంటాయి. అయిదు నుంచి పది నిమిషాల్లో కడుపు నింపుకుని వెనక్కి వెళ్లిపోతుంది. పేను మాదిరి ఒంటిని పట్టుకుని ఉండదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. నల్లి మన ఒంటి మీద కంటే మన వస్తువుల్లోనే ఎక్కువగా ప్రయాణిస్తుంది.

దద్దుర్లు నల్లి చేసిన గాయాలు కావు. దాని లాలాజలం మన ఒంటికి పడక లేచినవి. మొదటిసారి కుట్టించుకున్నవాళ్లకు వారం పదిరోజుల దాకా ఏమీ కనబడకపోవచ్చు. పదేపదే కుట్టించుకున్నాక కొందరికి గంటల్లోనే లేస్తాయి. కొందరికి ఎన్నిసార్లు కుట్టినా మచ్చ కూడా పడదు. అమెరికాలోని కెంటకీలో నల్లులున్న ఇళ్లవాళ్లను పరిశోధకులు అడిగి చూస్తే, పది మందిలో ముగ్గురు తమకు ఒంటి మీద ఏమీ లేవలేదన్నారు. కాబట్టి ఒకే పరుపు మీద పడుకున్న ముగ్గురిలో చిన్నపిల్లకు మాత్రమే దద్దుర్లు వస్తే, మిగతా ఇద్దరినీ నల్లి వదిలేసిందని కాదు. "మాకేం కుట్టడం లేదే, నీకే ఎందుకొచ్చాయి" అని పిల్లనో కోడలినో అనుమానిస్తూ కూర్చున్న ఆ నెలలోనే పరుపులో సంతతి పెరిగిపోతుంది.

▪ పరుపులో ఏం చూడాలి ▪
పెరిగిన నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్ల పొడవుంటుంది, యాపిల్ గింజంత. ముదురు గోధుమరంగులో, కాగితంలా బల్లపరుపుగా ఉంటుంది. రక్తం తాగాక పొడుగ్గా ఉబ్బి ఎర్రబడుతుంది. గుడ్డు ఒక మిల్లీమీటరు మాత్రమే, తెల్లగా, సందులో అతుక్కుని ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాదాపు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి చూపుకు ఆనదు. అన్నిటికంటే తేలిగ్గా దొరికే ఆనవాలు రెట్ట: పరుపు అంచు కుట్టు వెంబడి, మంచం తలాపు వెనక, పెన్నుతో పొడిచినట్టుండే నల్ల చుక్కలు. తడిగుడ్డతో రుద్దితే ఎర్రటి గోధుమరంగు చార పడుతుంది, అది జీర్ణమైన రక్తం. వాటి పక్కనే లేత పసుపు పొట్టు కనబడితే అవి నల్లి పిల్లలు విడిచిన చర్మాలు. ప్లైవుడ్ మంచం మేకుల రంధ్రాలు, ఇనుప మంచం గొట్టాల చివర్లు, మంచానికి ఆనుకున్న స్విచ్ బోర్డు, గోడకున్న క్యాలెండర్ వెనక కూడా టార్చి వేసి చూడాలి.

గోడల మీద తేదీలు

నల్లి ఒకప్పుడు ఎందుకు తగ్గిందో తెలిస్తే మళ్లీ ఎందుకు పెరిగిందో సగం తెలిసినట్టే.

నల్లమల అంచు ఊళ్లకు మలేరియా కొత్త కాదు. 1953లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చింది. మలేరియా సిబ్బంది పంపులు పట్టుకుని ఇంటింటికీ వచ్చి గోడల లోపలి వైపు డీడీటీ కొట్టేవారు. కొట్టిన తేదీని గోడ మీదే రాసి వెళ్లేవారు. గోడ మీద ఎండిన ఆ తెల్లటి పూత నెలల తరబడి పనిచేసేది. దోమ వచ్చి వాలితే చచ్చేది. గోడ పగుళ్లలో, మంచాల్లో ఉన్న నల్లులకు కూడా ఆ మందు తగిలేది. దోమ కోసం కొట్టిన మందు మొదట్లో నల్లినీ చంపిందంటే జనం సంతోషించక ఏం చేస్తారు?

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. డీడీటీకి చావని నల్లులు మొదట 1947లోనే హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాదళ బ్యారక్‌లలో కనబడ్డాయి. అంటే ఆ మందు వాడకంలోకి వచ్చిన అయిదారేళ్లకే. 1950లలో మన దేశంతో సహా వేడి దేశాల్లో చాలాచోట్ల ఇదే వరస. పైగా చంపలేని మందు నల్లిని ఊరికే ఉండనివ్వదు, చిరాకు పెడుతుంది. సందులో అణిగి ఉన్నవి పట్టపగలే బయటికి వచ్చి గోడల మీద పాకేవి. "మందు కొట్టాకే నల్లులు ఎక్కువయ్యాయి" అని జనం మలేరియా సిబ్బందిని ఇంట్లోకి రానివ్వకపోవడం కొన్ని దేశాల్లో పెద్ద సమస్య అయింది. దక్షిణాఫ్రికాలోని క్వాజులూలో దీని మీద 1980లలో శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా పరిశోధించారు. ఆరోగ్య శాఖ దోమ మీదే చూపు పెట్టింది, జనం నిద్ర పాడుచేసే నల్లిని లెక్కలోకి తీసుకోలేదు. ఒక పురుగును పట్టించుకోకపోవడం వల్ల ఇంకో పురుగు మీద పోరాటం దెబ్బతింది.

డీడీటీ పనిచేయని చోట మలాథియాన్ వంటి ఇతర మందులు వచ్చాయి. డబ్బున్న దేశాల్లో వాటితోపాటు వాషింగ్ మెషిన్లు, వాక్యూమ్ క్లీనర్లు, సందుల్లేని ఫర్నిచర్ కలిసి నల్లిని దాదాపు మాయం చేశాయి. అక్కడ రెండు తరాలు దాన్ని కంటితో చూడకుండానే పెరిగాయి. తర్వాత మలాథియాన్ కోవ మందులు ఇళ్లలో కొట్టడం మనుషులకు మంచిది కాదని క్రమంగా తగ్గించారు. వాటి స్థానంలోకి పైరెత్రాయిడ్లు వచ్చాయి. చామంతి జాతి పూలలోని సహజ విషానికి మనిషి చేసిన నకళ్లు ఇవి. మన ఇళ్లలో ఉండే దోమల కాయిల్, ప్లగ్గుకు పెట్టే లిక్విడ్, బొద్దింకల స్ప్రే డబ్బా, మందు పట్టించిన దోమతెర, దాదాపు అన్నింటిలోనూ ఉండేది ఈ కుటుంబం మందే.

తూము తలుపు

ఇక్కడే అసలు మెలిక ఉంది. పేర్లు వేరైనా డీడీటీ, పైరెత్రాయిడ్లు పురుగు ఒంట్లో ఒకే చోట దెబ్బ కొడతాయి.

కంభం చెరువు తూమును మనసులో పెట్టుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తలుపు ఎత్తితే నీళ్లు కాలవలోకి వెళతాయి, దించితే ఆగుతాయి. కావలసినప్పుడు ఎత్తి, చాలనుకున్నప్పుడు దించితేనే కింద పొలం పండుతుంది. నల్లి నరాల్లో కూడా కంటికి కనబడనంత చిన్న తూములుంటాయి. సోడియం అనే లవణపు కణాలు వాటిగుండా లోపలికి దూరితే నరం ఒక కబురు పంపుతుంది. తలుపు మూతపడితే ఆ కబురు ఆగి, తర్వాతి కబురుకు నరం సిద్ధమవుతుంది. డీడీటీ అయినా, పైరెత్రాయిడ్ అయినా చేసే పని ఒకటే: ఎత్తిన తలుపు కింద చెక్క దూర్చి మళ్లీ దిగకుండా చేయడం. కబుర్లు ఆగవు, నరం వరదెత్తిపోతుంది, పురుగు కాళ్లు కొట్టుకుని చస్తుంది.

కొన్ని నల్లుల్లో పుట్టుకతోనే ఆ తలుపు అంచు కాస్త వేరే ఆకారంలో ఉంటుంది. చెక్క దూరదు, దూరినా నిలవదు. మందు కొట్టిన ఇంట్లో మామూలు నల్లులన్నీ చచ్చి అలాంటివి మిగులుతాయి. వాటి పిల్లలకూ అదే తలుపు వస్తుంది. 2008లో అమెరికా శాస్త్రవేత్తలు న్యూయార్కు నల్లుల జన్యువులో ఇలాంటి రెండు మార్పులను గుర్తించారు. తర్వాత ఆ దేశంలో 110 చోట్ల నుంచి నల్లులు తెచ్చి చూస్తే, అయిదింట నాలుగు వంతులకు పైగా చోట్ల ఆ మార్పుల్లో ఏదో ఒకటి ఉంది. మన పెద్దల కాలంలో డీడీటీ ఏరి మిగిల్చిన నల్లులకు, ఇప్పటి స్ప్రే డబ్బాను తట్టుకునే సత్తా సగం ముందే వచ్చేసిందన్నమాట.

అదొక్కటే రక్షణ కాదు. 2016లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మందుకు ఎక్కువసేపు తట్టుకున్న నల్లుల పైపొరను సూక్ష్మదర్శినిలో కొలిస్తే, త్వరగా చచ్చినవాటి కంటే మందంగా ఉంది. మందు ఒంట్లోకి దిగడమే ఆలస్యమవుతుందన్నమాట. ఒంట్లోకి దిగిన విషాన్ని విరిచేసే ఎంజైములు కూడా కొన్ని గుంపుల్లో ఎక్కువ. గది మూసి పొగలా వదిలే ఫాగర్ డబ్బాలను 2012లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. ఇళ్ల నుంచి పట్టి తెచ్చిన నల్లుల మీద అవి దాదాపు పనిచేయలేదు. మందుకు తట్టుకోలేని పాత రకం నల్లులు కూడా పల్చటి గుడ్డ కింద దాక్కుంటే బతికిపోయాయి.

ఒక్క ఆడనల్లి చాలు

ఇంట్లోకి వచ్చే దారి చూద్దాం. కంభం గుంటూరు–నంద్యాల రైలు మార్గం మీద ఉంది. ఈ వైపు వానలు నమ్ముకోలేని కుటుంబాలు పనుల కోసం హైదరాబాదుకు, బెంగళూరుకు వెళ్లి రావడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. ఇంటర్ పిల్లలు ఒంగోలు, గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో ఉంటారు. ఉద్యోగాల పిల్లలు పీజీల్లో ఉంటారు. రాత్రి స్లీపర్ బస్సు ఎక్కితే తెల్లారేసరికి ఊళ్లో దిగుతారు. రోజూ మనిషి మారే పడక, పక్కపక్కనే సంచులు, మందపాటి సీటు కవర్లు నల్లికి బాగా కుదురుతాయి. 2022లో మంగళూరు నుంచి బెంగళూరుకు స్లీపర్ బస్సులో వెళ్లిన ఒక ప్రయాణికురాలు నల్లి కాట్ల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళితే, లక్ష రూపాయలు దాటిన పరిహారం చెల్లించమని తీర్పు వచ్చింది.

నల్లి సంచిలోకే ఎందుకు ఎక్కుతుంది? ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2017లో ఒక చక్కటి ప్రయోగం చేసింది. ఒక గదిలో విడిచిన బట్టల సంచులు, ఉతికిన బట్టల సంచులు పెట్టి మధ్యలో నల్లులను వదిలారు. విడిచిన బట్టల మీదికి వెళ్లిన నల్లులు ఉతికిన బట్టల మీదికి వెళ్లినవాటికి రెట్టింపు. మనిషి లేని గదిలో మనిషి వాసన ఉన్న బట్టే వాటికి మనిషి. మన హాస్టల్ పిల్లలు చేసే పని గుర్తు తెచ్చుకోండి. నెలరోజుల మాసిన బట్టలు మంచం కింద సంచిలో కుక్కి ఉంచుతారు, సెలవు రాగానే అదే సంచి అమ్మ ఉతకడానికి ఇంటికి తెచ్చి, నేరుగా పడగ్గదిలో పడేస్తారు. కంభంలో దిగే నల్లుల్లో ఎన్నో ఆ సంచిలోంచే దిగుతాయని నా గట్టి నమ్మకం.

దిగిన నల్లుల సంఖ్య పెద్దగా ఉండక్కర్లేదు. మగనల్లితో కలిసిన ఆడనల్లి ఒక్కటి చాలు. అది రోజుకు రెండు మూడు గుడ్ల చొప్పున జీవితకాలంలో రెండు వందలకు పైగా పెడుతుంది. వారం, పదిరోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అయిదుసార్లు చర్మం విడిచి పెద్దవవుతాయి, ప్రతిసారీ ముందుగా ఒకసారి రక్తం తాగాలి. మన వేడిలో నెలా పదిహేను రోజులకు పిల్ల తల్లి అవుతుంది. ఒకే తల్లి పిల్లలు తమలో తాము కలిసినా సంతతి బలహీనపడదు. అమెరికాలో బహుళ అంతస్తుల భవనాల్లోని నల్లుల జన్యువులను 2012లో పోల్చి చూస్తే, భవనమంతా నిండిన గుంపు చాలాచోట్ల ఒకటి రెండు ఆడనల్లుల సంతానమేనని తేలింది. పైపుల పక్క సందుల్లోంచి, కరెంటు గొట్టాల్లోంచి గది నుంచి గదికి నడిచిపోయాయి.

ఇంట్లో చేరాక ఎక్కడ గుమిగూడాలో వాటికి తెలుసు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో రెజీన్ గ్రీస్, గెర్హార్డ్ గ్రీస్ దంపతులు అయిదేళ్లు ఇదే పరిశోధించారు. ప్రయోగశాలలో నల్లులను పోషించాలి కదా. రెజీన్ తన చేతినే వాటికి ఇచ్చారు, మొత్తం మీద 1,80,000 సార్లు కుట్టించుకున్నారు. 2014 చివర్లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఇది: నల్లులు విడిచిన చర్మాల్లో, రెట్టలో ఉండే కొన్ని వాసనలు మిగతావాటిని పిలుస్తాయి, హిస్టమిన్ అనే పదార్థం తగలగానే అవి అక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు నల్లులు లేకపోయినా, పాత చర్మాలూ రెట్టా ఉన్న సందు కొత్తగా వచ్చిన నల్లికి వసతి చూపిస్తుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. సెకండ్ హ్యాండ్ మంచం, సోఫా కొనేటప్పుడు ధర కంటే ముందు దాని కుట్లు చూడాల్సింది ఇందుకే. పై చదువులకు అమెరికా వెళ్లిన మన పిల్లలు నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంటు తీసుకుని, ఎవరో వదిలేసిన పరుపు తెచ్చుకోవడం మామూలే. న్యూయార్కులో అద్దెకిచ్చే యజమాని గత ఏడాది ఆ ఇంట్లో నల్లుల చరిత్ర రాసివ్వాలని 2010 నుంచి చట్టం ఉంది. అడిగి తీసుకోవడం అద్దెకు దిగేవాళ్ల హక్కు.

ఈ ప్రయాణం నల్లికి పాత అలవాటే. గబ్బిలాల మీద బతికే దాని బంధువులు ఇప్పటికీ గుహల్లో ఉన్నాయి. ఈజిప్టులోని అమర్నా తవ్వకాల్లో 3,300 ఏళ్లకు పైబడిన నల్లుల అవశేషాలు దొరికాయి. మనిషి నల్లుల సంఖ్య సుమారు 13,000 ఏళ్ల కిందట పెరగడం మొదలైందని, మనుషులు ఒకచోట గుంపుగా బతకడంతో దానికి సంబంధముందని వర్జీనియా టెక్ పరిశోధకులు 2025లో జన్యువుల ఆధారంగా చెప్పారు.

జబ్బులు తెస్తుందా?

ఈ అనుమానం పాతదే, మద్రాసు ప్రెసిడెన్సీలోనే గట్టిగా పుట్టింది. 1903లో చార్లెస్ డొనోవన్ మద్రాసులో కాలా అజార్ జ్వరానికి కారణమైన పరాన్నజీవిని గుర్తించాక, దాన్ని మోసే పురుగేదన్నది తేలలేదు. 1907లో డబ్ల్యు.ఎస్. పాటన్ మద్రాసులో నల్లులకు రోగుల రక్తం తాగించి, ఆ పరాన్నజీవి నల్లి కడుపులో పెరుగుతోందని రాశాడు. ఏళ్ల తరబడి నల్లి మీద నింద ఉంది. చివరికి అసలు దోషి ఇసుక ఈగ అని తేలింది. ఇప్పటిదాకా ఏ జబ్బునూ నల్లి మనుషులకు అంటిస్తుందని రుజువు కాలేదు.

అలాగని తేలిగ్గా తీసుకోవడం తప్పు. 1962లో హైదరాబాదులోని న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన పి.ఎస్. వెంకటాచలం, భవానీ బెలవాడి ఒక వ్యాసం ప్రచురించారు. నల్లులు విపరీతంగా ఉన్న ఇళ్లలో పసిపిల్లలు కోల్పోయే రక్తం, దాంతో పోయే ఇనుము, రక్తహీనతకు ఒక కారణం కావచ్చని అందులో చెప్పారు. ఆడపిల్లల్లో రక్తహీనత ఇంకా ఇంత ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, హాస్టళ్లలో ఇనుము మాత్రలు పంచుతూ పరుపులు చూడకపోవడం నాకు సరిగా కనిపించదు. గోకిన పుండ్లలో చీము చేరడం, నిద్ర లేక పిల్లలు తరగతిలో కునికిపాట్లు పడటం దీనికి అదనం.

ఎండ ఎందుకు చాలదు, కాగే నీళ్లు ఎందుకు చాలు

విషానికి అలవాటుపడ్డ నల్లి వేడికి అలవాటుపడలేదు. 2011లో అమెరికాలో కొలిచిన లెక్కలివి. 45 డిగ్రీల దగ్గర పెద్ద నల్లులు గంటన్నరలో చస్తాయి, గుడ్లకు మాత్రం ఏడు గంటలు కావాలి. 48 డిగ్రీలకు గుడ్లు కూడా గంటా పది, పన్నెండు నిమిషాల్లో పోతాయి. 55 దాటితే ఏ దశలో ఉన్నా అప్పటికప్పుడే చావు. పాతకాలంలో మంచపు కోళ్ల సందుల్లో కాగే నీళ్లు పోసిన పెద్దవాళ్లకు ఈ అంకెలు తెలియవు గాని, చేసిన పని నూటికి నూరుపాళ్లు సరైనది. నీళ్లు సందులోకి దిగి గుడ్డు దాకా వెళ్లేవి.

ఎండలో వేయడం దానికంటే చాలా బలహీనం. వైశాఖంలో మార్కాపురంలో ఎండ 43, 44 డిగ్రీలుంటే పరుపు పైభాగం చేయి పెట్టలేనంత కాగుతుంది. కాని నల్లి అక్కడ కూర్చోదు, నీడ ఉన్న కిందివైపుకు నడుస్తుంది. ఆస్ట్రేలియాలో పరుపును నల్ల ప్లాస్టిక్‌లో చుట్టి ఎండబెట్టి కొలిచారు. పైన 80 డిగ్రీలు దాటింది, కిందివైపు చుట్టుపక్కల గాలి వేడిని మించలేదు. నులక మంచానికి ఎండ పనిచేసిందంటే పరుపంత మందం లేకపోవడం వల్ల, పైగా కట్టెతో బాది రాలినవాటిని అక్కడికక్కడే చంపడం వల్ల. బట్టల సంగతి వేరు. పల్చగా పరిచిన బట్టలను తిప్పుతూ ఎండబెట్టవచ్చు. ఉడుకునీళ్లలో ఉతికినా, కుట్ల మీద ఇస్త్రీ ఒత్తినా గుడ్లతో సహా పోతాయి. పరుపు కుట్లకు, సోఫా సందులకు ఆవిరి పట్టించే చిన్న యంత్రం మందు డబ్బాల ఖర్చు కంటే మేలు.

మంచపు కోళ్ల కింద గిన్నెలు పెట్టే అలవాటు కూడా తీసిపారేసేది కాదు. విదేశాల్లో నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు అమ్ముతారు, వాటిలో పడ్డ నల్లి పైకి ఎక్కలేదు. కాని 2017లో చేసిన పరీక్షల్లో మన వేడి దేశాల జాతి, సైమెక్స్ హెమిప్టెరస్, అలాంటి గిన్నెల గోడలు ఎక్కి బయటపడింది. దాని కాళ్ల చివరి వెంట్రుకల మెత్త దాయాది కంటే పెద్దది. కాబట్టి మన దగ్గర ఉత్త గిన్నె చాలదు, అవ్వలు పెట్టినట్టు అందులో నీళ్లు, కాస్త సబ్బు ఉండాలి. మంచం గోడకు తగలకూడదు, దుప్పటి నేల మీదికి వేలాడకూడదు.

ఇల్లు తాళం వేసి నెలరోజులు వెళ్లిపోతే నల్లులు ఆకలితో చస్తాయని కొందరు ఆశపడతారు. చల్లటి చోట ఇవి ఏడాది కూడా తిండి లేకుండా బతుకుతాయి. మన ఉక్కలో అంతకాలం కాకపోయినా రెండు మూడు నెలలు బతుకుతాయి.

పొలం మందు పడగ్గదిలోకి తేవద్దు

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మిర్చికి, పత్తికి కొట్టే మందు మిగిలి ఉంది కదా అని పరుపు మీద చల్లడం, ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు గదిలో పెట్టి తలుపులు మూయడం మన వైపు వినబడే పనులే. ఆ గోళీ గాలిలోని తేమకే ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది. తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పాకుతుంది. దానికి విరుగుడు లేదు. 2018లో ఈజిప్టులోని హుర్ఘాదా హోటల్లో పక్క గదికి నల్లుల మందు కొట్టడం వల్ల ఒక బ్రిటిష్ దంపతులు నిద్రలోంచి లేచాక కొన్ని గంటల్లోనే చనిపోయారని 2023లో బ్రిటన్‌లోని విచారణాధికారి తేల్చారు. 2025 అక్టోబరులో బెంగళూరులోని ఒక పీజీలో, నల్లులకు మందు కొట్టిన సంగతి తెలియక గదిలో పడుకున్న మన రాష్ట్ర విద్యార్థి ప్రాణం పోయిందని పత్రికలు రాశాయి. నల్లి కుట్టి చచ్చినవాళ్ల మాట దాదాపు వినబడదు, నల్లి మందు వల్ల చచ్చినవాళ్లున్నారు. కిరోసిన్ పోయడం కూడా ఇంటికి నిప్పు తెచ్చే పనే.

నల్లి పట్టిన ఇల్లు చేయవలసింది ఓపిక పని. మొదటిరోజు మంచం విప్పి, ప్రతి సందుకూ వేడి పట్టించాలి, బట్టలన్నీ ఉడుకునీళ్లలో వేయాలి, పూడ్చగలిగిన రంధ్రాలు పూడ్చాలి. తప్పించుకున్న గుడ్లు పదిరోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి రెండు వారాలకు అదే పని మళ్లీ చేయాలి, ఇంకో రెండు వారాలకు మూడోసారి చూడాలి. మందు తప్పదనుకుంటే శిక్షణ ఉన్నవాళ్లతో, ఇల్లు ఖాళీ చేసి, ఏం కొట్టారో కాగితం మీద రాయించుకుని కొట్టించాలి. ఊరి నుంచి వచ్చిన సంచిని వాకిట్లోనే విప్పి, మాసిన బట్టలు నేరుగా ఉడుకునీళ్ల బకెట్‌లో వేయడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త.

హాస్టళ్లలో, పీజీల్లో మాత్రం ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒక గదిలో కనబడితే ఇటూ అటూ, పైనా కిందా ఉన్న గదులన్నీ ఒకేరోజు విప్పి చూడాలి. అది జరగకపోవడానికి పెద్ద కారణం సిగ్గు. చెబితే మురికి మనిషంటారని పిల్ల నోరు విప్పదు, చెబితే అడ్మిషన్లు పోతాయని యాజమాన్యం దాస్తుంది, చెబితే చుట్టాలు రారని ఇంట్లోవాళ్లు దాస్తారు. దాచిన ప్రతి వారం ఇంకో గదికి నల్లి నడిచే వారమే. దద్దురు చూపించిన పిల్లను మందలించకుండా, ఆ రాత్రే టార్చి తీసుకుని పరుపు నాలుగు మూలలూ చూసే వార్డెను ఉన్న హాస్టల్లో నల్లి ఒక మంచం దగ్గరే ఆగుతుంది.